సుద్దగీతలు

ఆదివారం. సెంటరుకి సెలవు.
అయినా తాళం తీసేను.

కాశీబుగ్గలో రైలుగేటు దాటేక మూడో సందు.
పద్నాలుగడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు, ఒక్క కిటికీ.
కిటికీ తెరిస్తే జీడితొక్కు కాలిన వాసన.
బియ్యం బస్తాలకి కొంత పోయింది,
గుడ్ల ట్రేలకి కొంత,
సిలిండరు, బరువు కాటా, రిజిస్టర్ల బీరువా.
మిగిలిన చోటు ఇరవైముగ్గురు పిల్లలది.
అదీ నేను కూర్చోకపోతే.

ట్రైనింగులో చెప్పేరు, గదిని మూలలు చెయ్యమని.
బొమ్మల మూల, పుస్తకాల మూల,
ఇల్లు కట్టే మూల, వేషాలేసే మూల.
లేచి అడిగేను:
"మేడం, నా గదికున్నవే నాలుగు.
ఒకదాంట్లో గ్యాసుంది, ఒకదాంట్లో వాన కారుతాది."
అందరూ నవ్వేరు.
మేడం నవ్వలేదు, డైరీలో ఏదో రాసుకున్నారు.

ఇవాళ సుద్దముక్క పట్టుకుని
గది మధ్య మోకాళ్ళమీద కూర్చున్నాను.
నాలుగేళ్ళ ఎత్తునించి ఎప్పుడూ చూళ్ళేదు దీన్ని.
నేను ముచ్చటపడి అంటించిన చార్టులు
ఎక్కడో పైకప్పు దగ్గరున్నాయి.
ఇక్కడ కనబడేవి
పెచ్చులూడిన గోడ, సిలిండరు అడుగు తుప్పు,
బల్లకింద చెక్కమీద
ఎవరో మేకుతో గీసిన రైలు.
పదకొండు పెట్టెలు. లెక్కపెట్టేను.
ఎవరికీ అంకెలు రావని
మొన్ననే రిజిస్టర్లో రాసేను.

ఈ నెల ప్లాను:
మొదటి వారం, పళ్ళు.
ఆపిలు కొట్టేసి జీడిపండు రాసేను.
పిక్క బయటెందుకు వేలాడుతాదని లోహితు అడుగుతాడు.
అడగనీ.
నాకూ తెలీదు, వారమంతా వెతకొచ్చు.

రెండో వారం, రకాలు వేరుచేయడం.
అదెవరు ఎవరికి నేర్పాలో!
గుండు ఒకపక్క, బద్ద ఒకపక్క, నూక ఒకపక్క,
అమ్మల ఒళ్ళో కూర్చుని చూసిన పిల్లలు.
చింతపిక్కలు పోస్తే చాలు,
నన్నే సరిదిద్దుతారు.

మూడో వారం, మన చేతులు.
ఇక్కడ సుద్దముక్క ఆగింది.

కిందటేడు రంగుల్లో చేతులు ముంచమన్నాను.
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
అసిరిగాడు నల్లరంగు ముంతే లాక్కున్నాడు.
"నలుపొద్దురా, బాగుండదు."
"మాయమ్మ సెయ్యి ఇలగే ఉంటాది కదేటి."
ఆ కాగితం గోడకి పెట్టలేదు నేను.
సూపర్వైజరమ్మ వచ్చే రోజది.
బీరువాలో, బరువుల రిజిస్టరు కింద పెట్టేను.
ఇప్పుడు తీస్తే
మడత పడ్డ చోట వేలొకటి చిట్లింది.
దాన్ని బల్లపక్క, నా మోకాలంత ఎత్తులో అంటించేను.

గీతలు గీసేను.
పుస్తకాలు కిటికీ కింద, ఇటికలూ డబ్బాలూ గుమ్మం పక్క,
వాన కారే చోట నీళ్ళాట, బకెట్టెలాగూ ఉంది.

బస్తాలకీ గోడకీ మధ్య జానెడు సందుంది.
పొద్దున్న అమ్మ ఫ్యాక్టరీకి మళ్ళిపోగానే
పుణ్యవతి అందులో దూరిపోతుంది.
పాటకి రాదు, కథకి రాదు, గుడ్డుకి వస్తుంది.
బయటికి లాగడమే నా పనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.
బస్తాలు మూరెడు ఇవతలికి జరిపేను.
నడుం పట్టేసింది.
లోపల పాత చీరొకటి పరిచేను.
ప్లానులో దీనికేం పేరు రాయాలో తోచలేదు.
ఖాళీగా వదిలేసేను.

తలుపు తెరిచుందని ఆయా కూర్మమ్మ వచ్చింది.
"ఏటమ్మా, నట్టింట ముగ్గెట్టీసినావు?
రేపు తుడిసీయాలేటి?"
"వద్దు. తొక్కనీ.
ఏ గీత ఎక్కడ చెరిగిందో చూసి మళ్ళీ గీద్దాం."
"సదువుకున్నోల్ల పన్లు!" అనుకుంటూ
పొయ్యి వేపు నడిచింది,
చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని,
ఒక్క గీతైనా తొక్కకుండా.