చింతకాయ చూపిస్తే

సిరొంచ రేవులో ఇప్పుడు పడవ లేదు.
వంతెన వచ్చి చాలా ఏళ్లయింది.
ఓదెలు మాత్రం తెల్లారకముందే దిగివచ్చి
పడవ కట్టే గుంజ కోసం ఇసుక తవ్వుతాడు.

నేను గొట్టాలు మోసే మనిషిని.
భుజాన థర్మోకోల్ పెట్టె, అందులో కరిగే మంచు,
సంచిలో మరాఠీలో అచ్చయిన పత్రాలు.
అరవై దాటినవాళ్లు గీత దాకా ఉమ్మాలి,
నేను మూత బిగించి పేరు రాయాలి.
అంతే నా కొలువు.

"ఉమ్మితే మతి తిరిగొస్తదా?" అడిగింది లసుంబాయి.
రాదన్నాను.
"మరెందుకు?"

నాగపూర్‌లో డాక్టర్లు చెప్పింది నాకు సగమే ఎక్కింది.
ఆ సగమే ఆమె ముందు పెట్టాను.
మన లోపల ఎప్పటివాళ్లో ఉన్నారట,
ఊరూ కులమూ ఇంటిపేరూ పుట్టకముందు
ఏర్లు దాటుకుంటూ వచ్చినవాళ్లు.
మనుషులే, కానీ అచ్చం మనలాంటివాళ్లు కాని
ఇంకో మనుషులతో ఏ చలి రాత్రో పొత్తు కలిసిందట.
పసిపిల్లలు జ్వరాలకు రాలిపోకుండా
నెత్తుట్లో వాళ్లు దాచిపోయింది ఏదో
ముసలితనంలో మతి మీద వడ్డీ పిండుతుందేమో.
ఏమో. ఇంకా తేలలేదు.
తేలకనే ఇన్ని గొట్టాలు.

చాటలో బియ్యం ఏరడం ఆపింది.
"అంటే ఎన్నడో ఎవరో తిన్నరు,
మా ముసలోడు కడుతున్నడు."
"కావచ్చు."
మళ్లీ రెండు రాళ్లు ఏరి పారేసింది.
"పిల్లల కోసమే తిన్నరు గదా,
పోనీ."

పత్రంలో ఒక గడి: మాతృభాష.
ఏం రాయను?
ఓదెలు నీళ్ల లోతు తెలుగులో కొలుస్తాడు,
ఎడ్లను మరాఠీలో తిడతాడు,
నిద్రలో గోండీలో ఎవరినో పిలుస్తాడు.
ఆ పిలిచేది ఎవరినో ఇంట్లో ఎవరికీ తెలియదు.
ఆ గడి ఖాళీగా వదిలాను.

"ఏడికి పోవాలె బిడ్డా?" అన్నాడు పెళ్లాంతో.
"అర్జునగుట్టకు."
"రూపాయి."
ఆమె కొంగు ముడి విప్పింది.
అరిగి బొమ్మ పోయిన బిళ్ల.
కళ్లకద్దుకుని జేబులో వేసుకున్నాడు.
రాత్రి పడుకున్నాక తీసుకుంటుందట,
పొద్దున మళ్లీ అదే ఇస్తుందట.
మూడేళ్లుగా ఒకటే రూపాయి
ఈ ఒడ్డుకూ ఆ ఒడ్డుకూ తిరుగుతోంది.

గొట్టం నోటి దగ్గర పెట్టాను. ఊదాడు.
ఉమ్మమన్నాను. నవ్వాడు.
నోరెండి పెదాలు చెక్కలు కట్టాయి.
మంచు కరిగిపోతోంది, బస్సుకి గంటే ఉంది.

లసుంబాయి లేచి పోయి
దోరగా లేని పచ్చి చింతకాయ తెచ్చింది.
వాడికి ఇవ్వలేదు.
ఉప్పురాయి అద్ది, ఎదురుగా కూచుని,
తనే కొరికింది.
కళ్లు గట్టిగా మూసి, భుజాలు ముడుచుకుని,
టక్కున నాలుక కొట్టింది.

ఓదెలు దవడ కదిలింది.
పెళ్లాం పేరు ఎటు పోయిందో గాని
పులుపు మాత్రం ఉన్నచోటే ఉంది.
గీత దాటి నిండింది గొట్టం,
నురగతో సహా.

బస్సు వంతెన ఎక్కింది.
పెట్టెలో గొట్టాలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి.
కింద ప్రాణహిత సగం ఇసుక, సగం నీరు.
అంత దూరాన ఒక వంగిన మనిషి, ఇంకా తవ్వుతూ.

సంచిలో ఒక గొట్టం మిగిలింది.
నాకు నలభై ఆరు. మా అమ్మమ్మ చివర్లో
అద్దంలో మనిషికి మజ్జిగ పోసేది.
మూత మీద వేలు పెట్టి కూచున్నాను,
తియ్యలేదు.
నోట్లో మాత్రం
ఎవరి చింతకాయకో నీళ్లూరుతూనే ఉన్నాయి,
మంచిర్యాల స్టేషన్ దాకా.