చుట్టు చాల్తలేదు

మూడు వేల తిరుగుడు దాటంగనే
జీపు కూస్తాంది.
కూత అంటే కూత కాదు,
తడి పలక మీద గోరు గీసినట్టు.

ఎల్కతుర్తి నుంచి తెచ్చిండు రణధీర్,
గ్రానైటు క్వారీ కంట్రాక్టరు కొడుకు.
పాత ఇంజను నెత్తి మీద
సూపర్‌చార్జర్ కూసోబెట్టిచ్చిండు,
ఉన్న ఊపిరి చాలక ఇంకో తిత్తి.
సూది ఎనిమిదికి ఎక్కాలె.
ఎక్కినట్టే ఎక్కి
నాలుగు కాడ కూలబడతాంది.

"మూడుసార్లు బిగించినన్నా బెల్టు" అంటడు.
బిగించినవ్ తమ్మీ, ఇనబడుతాంది.
ఆల్టర్నేటర్ బేరింగు
గరగర నములుతాంది నీ బిగింపును.
జిగురు స్ప్రే గూడ కొట్టిండట.
గంట సేపు పుల్లీని పట్టింది,
ఆ తర్వాత క్వారీ దుమ్మును పట్టింది.

ఆటోనగర్ల పొద్దు గూకే యాల బానెట్ లేపిన.
కాలిన రబ్బరు వాసన.
బెల్టు గాడులు అద్దం లెక్క మెరుస్తున్నయి.
బెల్టు మెరిసిందంటే
దాని పని అయిపోయిందన్నట్టు.

ఉరికే బెల్టు మీద నీళ్లు చల్లిన, నాలుగు చుక్కలు.
కూత ఆగితే పుల్లీ వంకర,
పెరిగితే పట్టు తక్కువ.
పెరిగింది.
అయినా స్టీలు స్కేలు ఆనిచ్చి చూసిన,
పుల్లీలకూ స్కేలుకూ నడుమ వెలుతురు సందు లేదు.
ముందు సీలు దగ్గర నూనె చెమట, సీలు మార్చిన.
టెన్షనర్ల స్ప్రింగు ముసలిది,
హైదరాబాద్ నుంచి బస్సుల కొత్తది తెప్పిచ్చిన.
కొత్త బెల్టు తొడిగిన.
మూడో రోజు రాత్రి చాబీ తిప్పిన.

అదే పలక. అదే గోరు.

అప్పుడొచ్చింది మా అమ్మ యాకమ్మ,
సద్దిగిన్నె పట్టుకొని.
జిన్నింగ్ మిల్లుల ఇరవై రెండేండ్లు చేసింది.
మిల్లు మూతబడి పన్నెండేండ్లాయె,
ఇంజను సప్పుడు వింటే ఇప్పటికీ
జుట్టు ముడేసి కొంగు గట్టిగ చుట్టుకుంటది.
చుట్టుకొనే వంగి చూసింది.

"గా చిన్న చక్రాన్ని ఎంత ముట్టుకుంటాందిరా అది?
బజార్ల ఎదురుపడ్డోల్లను
బాగున్నవా అని అడిగి పోయినట్టు పోతాంది."

నేను బిగింపు చూసిన, వరస చూసిన, నూనె చూసిన.
ముట్టుకునుడు చూడలే.

"మా మిల్లుల తోలు పట్టా జారితే
వజీరు మేస్త్రి గుగ్గిలం పొడి కొట్టేటోడు.
గుగ్గిలం అయిపోయిన నాడు
పట్టాను మెలేసి ఎనిమిదంకె లెక్క తొడిగేటోడు.
ఎక్కువ చుట్టుకునేది, జారకపోయేది."

మరి చక్రం ఉల్టా తిరగదా అమ్మా?

"తిరుగుతది.
ఉల్టా తిరిగినా నడిచే కాడనే ఏసేటోడు.
నీకెన్ని తెలుసో ఆయనకూ అన్ని తెలుసు."

అన్నం చల్లారింది.
పట్టీ కోసిన, తొలిచిన, వెల్డింగు పెట్టిన.
కోత మిషిన్ నుంచి ఇప్పిన ఉత్త పుల్లీ ఒకటి
రేకు డబ్బాల ఏడాది నుంచి పడి ఉన్నది,
దాన్ని చిన్న పుల్లీ పక్కకు జరిపి నిలబెట్టిన.
బెల్టు దాని ఈపు మీదుగ మర్లి వచ్చి
చిన్నదాన్ని సగం దాటి చుట్టుకున్నది.
బిగింపు మాత్రం తగ్గించిన.
బిగువు ఎక్కువైతే బేరింగు చస్తది,
చుట్టు ఎక్కువైతే ఎవ్వరూ చావరు.

పరకాల రోడ్డు, రాత్రి పదకొండు.
గొర్రెకుంట దాటినంక రణధీర్ తొక్కిండు.
ఐదు. ఆరు.
నేను సూదిని చూడలేదు, చెవులిచ్చి కూసున్న.
గాలి మింగే సప్పుడు ఒక్కటే,
సన్నగ, తెగకుంట.
"ఎనిమిదన్నా!" అని వాడే ఒర్లిండు.

షెడ్డుకొచ్చి బానెట్ లేపి
పుల్లీ కింద కాటన్ వేస్టుతోని తుడిచిన.
జారితే నల్ల పొడి రాలాలె.
తెల్లగ పోయింది, తెల్లగ వచ్చింది.
అమ్మ ముందట పెట్టిన, చూడమని.

చూసింది.
ఏళ్ల నడుమ పీకి, సాగదీసి, దీపం కింద పట్టి,
"పొట్టి పింజె" అన్నది.
"గింజ తునకలు గూడ ఉన్నయ్.
ఏ మిల్లుదిరా ఇది?"