ఎర్తు

రాత్రి రెండుంపావు.
కరవాక అవతల, సముద్రం వినపడుతుంది గానీ కనపడని చోట
చెరువుగట్టు మీద జీపు ఆగింది.
ఆగింది కాదు, నేనే ఆపాను.
కప్పు మీది నాలుగు ఫోకస్ లైట్లూ
చెప్పాపెట్టకుండా కళ్ళు మూసుకున్నాయి.

హెడ్‌లైట్లున్నాయి. వాటిది ముసలి చూపు.
పది గజాల బురద చూపించి ఊరుకుంటాయి.
గట్టు ఎనిమిదడుగులు, బండి ఐదున్నర,
రెండు పక్కలా మనిషిలోతు నీళ్ళు.
వెనకాల నలభై లీటర్ల డీజిలు.
ఆ చివర అప్పలసూరి, మొన్ననే శ్రీకాకుళం బస్సు దిగిన కుర్రాడు,
ఫోన్లో ఒకటే మాట:
"కరెంట్ నేదు బాబూ, జనరేటరూ ఆగిపోనాది, బేగి రా."
ఏరియేటర్లు తిరక్కపోతే
తెల్లారేసరికి రొయ్య మొత్తం అడుగున పరుచుకుంటుంది.

షడ్రక్‌కి చేశాను.
రాజోలులో, ఆయిల్ షాపు పక్క సందులో
ముప్పయ్యేళ్ళుగా వైర్లతో మాట్లాడే మనిషి.
ఆరో రింగుకి ఎత్తి, హలో కూడా అనకుండా
"ఏ లైటండీ?" అన్నాడు.

చెప్పాను.
"నాలుగూ ఒకేసారా? అయితే బల్బుల జోలికి పోకండి.
నలుగురూ ఒకే క్షణంలో చావరు కదండీ.
ఫ్యూజు చూడండి."
బానెట్ ఎత్తాను.
ఫోన్ వెలుగు ఫ్యూజు మీద, ఫోన్ గొంతు చీకటి మీద.
ముప్పై ఆంపులది. ఆకుపచ్చ ఒంట్లో తీగ తెగలేదు.
"బానే ఉంది."
"పైపైన చూసి చెప్పకండి. పీకి చూడండి."
పీకి, చొక్కాకి తుడిచి, మళ్ళీ నొక్కాను.
చీకటే.

"స్విచ్చి వెయ్యండి. ఫోను రిలే దగ్గర పెట్టండి.
నన్ను విననివ్వండి."

టక్.

పదిహేను కిలోమీటర్ల అవతల
నులకమంచం మీద పడుకున్న మనిషి
ఆ చప్పుడు విని "ఆయ్" అన్నాడు.
"రిలే బతికే ఉంది.
ఎనభై ఏడు అని రాసున్న కాలు వెతకండి.
టెస్టు బల్బు క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి, మొన దాని మీదకి."
వెలిగింది. బొటనవేలంత పసుపు.
ఎక్కడిదో ఒక పురుగు అప్పుడే వచ్చి వాలింది.

"అయితే కరెంటు పైదాకా పోతోందండీ.
తిరిగొచ్చే దారే లేదు.
మీ బండికి ఎర్తు పోయింది."

నవ్వొచ్చింది, ఆ టైములో.
"బండికేనా" అన్నాను.
లంకలో మాది ఎకరం ముప్పావు.
ముందేడు వరదకి
గంపెడు గంపెడు చొప్పున జారి ఏట్లో కలుస్తుంటే
అవతల నిలబడి అరటిగెలలు లెక్కపెట్టాను.
ఎందుకు లెక్కపెట్టానో ఇప్పటికీ తెలీదు.
ఆ నెల్లోనే ఈ స్టీరింగు పట్టుకున్నాను.

షడ్రక్ ఏమీ అనలేదు. ఆవులించాడు.
"క్యారియరు కింద నల్ల వైరుంటుంది. దాని బోల్టు చూడండి."

బోల్టు కాదది,
ఉప్పుగాలి చప్పరించి వదిలేసిన ఎముక.
రాగి పచ్చటి పొడై వేళ్ళకంటింది.
పట్టకారు తగలగానే వైరు విరిగి చేతిలోకొచ్చింది.

ఏరియేటరు కోసం తెచ్చిన వైరు రెండు బారలు కోసి
ఒక కొస నల్ల వైరుకి మెలేసి
రెండో కొస బ్యాటరీ మైనస్‌కి తాకించాను.
చిన్న రవ్వ.

గట్టు, గట్టు నిండా పీతబొరియలు,
తల తెగిన కొబ్బరిచెట్టు,
కొంగలు వాలకుండా చెరువు మీద లాగిన దారాలు,
అన్నీ ఒక్కసారే లేచి నిలబడ్డాయి.
నీళ్ళంచున వేల ఎర్రచుక్కలు.
రొయ్యల కళ్ళు.
అడుగున తిరగాల్సినవి
గట్టుకి చేరి పైకి చూస్తున్నాయి,
గాలి కోసం.

"వెలిగాయా అండీ?"
"వెలిగాయి."
"మెల్లిగా పోండి, ఆ మెలి ఊడిపోద్ది. పొద్దున్న తెండి.
గీకి, కొత్త బోల్టేసి, గ్రీజు రాస్తాను.
అయినా ఆర్నెల్లేనండి. ఈ గాలికి ఏదీ ఆగదు."
పెట్టేశాడు.

ఫస్టు గేరు.
వెనకాల డీజిలు డబ్బాలో తొణుకు.
దూరంగా సూరి తువ్వాలు ఊపుతున్నాడు,
నేను చూసేశానని తెలీక,
ఇంకా గట్టిగా.