ఎడమ మూల

బెల్లం మండీ వెనక గోవిందన్న టీ బంకు.
ఆదివారం పొద్దున ఏడు కొట్టేసరికి
బెంచీ మింద నలుగురం, నిలబడి ముగ్గురు.
మాట ఎట్ల మొదలైనా చేరేది ఒక్క చోటికే:
మన కాలేజీ చెడుగుడు జట్టులో
ఇన్నేళ్లకూ మొనగాడైన కూతగాడెవరు?

ముప్పై నాలుగేళ్లుగా తెగలేదు.
బెల్లం ధర తెగతాది, గట్టు తగాదాలు తెగతాయి,
దామోదరం బావమరిది విడాకుల కేసు కూడా తెగిపోయింది.
ఇది మాత్రం తెగదు.

"చెంగల్రాయుడే" అంటాడు దామోదరం, గ్లాసు కింద పెట్టకుండానే.
"అనంతపురం ఫైనల్లో ఒక్క కూతకు నలుగురు. నలుగురప్పా!
మీద పడినోళ్లందర్నీ ఈడ్చుకోని వచ్చి
నడి గీత మింద గడ్డం ఆనించినాడు.
ఎద్దు బండి లాగినట్ల."

"ఎద్దే, ఎవరు కాదన్నారు" అంటాడు ఖాజా మొహిద్దీన్.
"ఎద్దుకు బలముంటాది. ఆట యాడుంటాది?
మా మొగిలిని చెప్పు.
చీపురుపుల్ల మాదిరి మనిషి.
వాడు తిరిగొచ్చినాక గానీ
వాడు పొయ్యింది తెలిసేది కాదు."

అప్పుడు లెక్కలొస్తాయి.
ఏకాంబరం జేబులోంచి మడతల కాయితం తీస్తాడు,
స్కోరు పుస్తకంలో చెదలు తినగా మిగిలింది
ఎక్కించుకున్నాడంట.
చెంగల్రాయుడు, మూడేళ్లు, నూట ఎనభై ఆరు.
మొగిలి, రెండేళ్లు, నూట అరవై ఒకటి.
మూడో ఏడు ఫీజు కట్టలేక
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేరినాడు మొగిలి.
"కట్టింటే?" అంటాడు ఖాజా.
"కట్టలేదు గదా" అంటాడు దామోదరం.
ఈ రెండు మాటల నడుమ
రెండో టీ కూడా చల్లారిపోతాది.

మొన్న ఒక కుర్ర వ్యాయామం సారు
పాపం, తెలియక నోరు తెరిచినాడు:
"ఇప్పటి పిల్లోళ్లు మ్యాట్ మింద ఆడతారు సార్,
ముప్పై సెకన్ల గడియారం, బోనస్ గీత.
వాళ్ల ముందర మీ వాళ్లు నిలస్తారా?"
అందరం కలిసి తిట్టినాం.
ఆ పూటకు మాలో మాకు తగువు లేదు.

నన్నెవరూ అడగరు.
నేను ఆడిన మ్యాచులు రెండు,
రెండూ వేరేవాడికి జొరమొచ్చినందుకు.
అయితే మూడేళ్లు, రోజూ సాయంత్రం,
నీవా యేటి ఇసక తెచ్చి పోసిన ఆ కోర్టులో
ఎడమ మూల నాది.
ప్రాక్టీసులో కూతకొచ్చిన ప్రతి కాలినీ
పట్టాల్సినోణ్ణి నేను.

చెంగల్రాయుడి చీలమండ
తడిసిన మోకు.
చేతికి దొరికేది. దొరికినాక
మనల్నే తీసుకోని పొయ్యేది.
ఒకనాడు నా ఉంగరం వేలు అట్లనే పొయ్యింది.
ఇప్పటికీ వంకరే.
వాన పడే ముందు రోజు
ఆ వేలు వాడి పేరు చెప్తాది.

మొగిలి వచ్చేవాడు.
కూత వినిపించేది, సన్నంగా,
సంగటికి పెట్టిన ఎసరు కాగే సద్దు మాదిరి.
వొంగేవాణ్ణి. పట్టేవాణ్ణి.
రెండు చేతుల నిండా ఇసక.
గీతకు అవతల నిలబడి, ఎగపోసుకుంటా,
"మళ్లీ రానా అన్నా?" అనేవాడు,
సెలవడిగినట్ల.

సాక్ష్యం చెప్పమంటే ఏం చూపించేది నేను?
చెంగల్రాయుడికైతే వేలుంది.
మొగిలికి, అరచెయ్యి తెరిస్తే,
ఏమీ లేదు.

పోయిన జూన్‌లో ఫ్యాక్టరీ గేటు కాడ కనిపించినాడు.
తోతాపురి లోడు లారీలు వరసగా,
వాడు చీటీలు రాసుకుంటా ఉండాడు,
జుట్టంతా నెరిసి.
చెయ్యి కలిపినాను.
ఇన్నేళ్లకు దొరికినాడు.
వేళ్ల నిండా జిగురు, మామిడి సొన వాసన.
కొంచేపు వదల్లేదు నేను.
"లారీ కదలతా ఉండాదన్నా" అన్నాడు.

బెంచీ మింద దామోదరం గొంతు మళ్లీ లేస్తాది.
నలుగురప్పా, నలుగురు!
గోవిందన్న నా వైపు తిరిగి
చక్కెర ఎంత అని అడుగుతాడు.
రెండు వేళ్లు చూపిస్తాను,
ఒకటి వంకరది.