తరుగు

శుక్రవారం, షార్జా సజ్జా క్యాంపు.
బిర్యానీ డబ్బా మూతలు కడిగి ఆరబెట్టిన.
ఆరో నంబరు అచ్చున్నవే పనికొస్తయి.

మార్కరుతో నెమలి గీసి
కొక్కేనికి ముందే బెజ్జం కొట్టి
మెస్సు ఓవెన్ల పెట్టిన.
అరచెయ్యంత ముక్క
మెలిదిరిగి, ముడుచుకొని,
ఇగ ఖరాబైందనుకునే యాళ్లకు
సాపుగ పండుకున్నది
రూపాయి బిళ్లంత, మందంగ.

బంగారం చేసిన చేతులే,
ఇప్పుడు ఏసీ డక్టుల రేకు మడుస్తయి.
కన్నతల్లి పుస్తెనైనా ఔసులోడు గోకుతడని
మా దిక్కు మాట.
నాయిన చచ్చేదాక పడ్డడు.

వంట మునీరు మసాలా కాంటా మీద
ఏసి చూపిచ్చిన:
ముందెంతనో ఇప్పుడంతే.
గింజెత్తు తరుగు లేదు.

మునీరుకు అదేం పట్టలే.
బిడ్డకు జత కావాల్నన్నడు.
రెండో నెమలి మెడ
జర వంకర పోయింది.