పండుగప్ప

కాటెస్లో ఒడ్డున ఆ గాజుగోడల హోటలు ముందునుంచి
రోజుకు ఆరుసార్లు బస్సు తోలుతాను.
స్టాపులో తలుపు తెరిచినప్పుడల్లా
వెన్న, వెల్లుల్లి, కాస్త సముద్రం
టికెట్టు లేకుండా ఎక్కేవి.
తొమ్మిదేళ్లు ఆ వాసనని ఊరికే మోశాను.

ఇవాళ ఇస్త్రీ చొక్కాతో లోపల కూచున్నాను.
ఎదురుగా నూకరత్నం.
పెళ్లికి పంతొమ్మిదేళ్లు.
ఈ బల్ల కోసం ఆరువారాల ముందు ఫోను చేశాను,
కిటికీ పక్కనే కావాలంటే ఇంకో వారం ఆగమన్నారు.
ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడిచే ఆమె వేళ్లు
ముందుగా బల్లగుడ్డ అంచుని తడిమి చూశాయి.
"గంజి బాగా పెట్టారు" అంది.

మెనూలో ధరల పక్కన డాలరు గుర్తు కూడా లేదు,
ఒట్టి అంకెలు,
పరువుగల ఇంట్లో అప్పులా గొంతు తగ్గించి నిలబడ్డాయి.
బారాముండి అన్నచోట నా వేలు ఆగింది.
వెయిటర్ పిల్ల దాని పుట్టుపూర్వోత్తరాలు మొదలెట్టింది,
ఏ నది మొగలో పట్టారో, ఎవరి పడవో,
ఆ రోజు గాలి ఎటునుంచి వీచిందో.
రత్నం చివరిదాకా మర్యాదగా విని
నావైపు తిరిగింది.
"పండుగప్పే కదా. దీనికింత కథేటి?"

పళ్లెం వచ్చింది, స్టీరింగంత వెడల్పు.
మధ్యలో అరచేతిలో పట్టే ముక్క.
తల లేదు, తోక లేదు,
పైన ఏదో ఆకు, మూడు చుక్కల పచ్చ నూనె.
"ముళ్లన్నీ తీసేశాం" అంది పిల్ల,
బహుమతి ఇస్తున్నట్టు.

నేను కదిరివైపు వాణ్ణి.
చెరువు ఎండితే తప్ప చేప మొహం చూడనివాణ్ణి.
పెళ్లయిన మూడోరోజు, భీమిలిలో,
అత్తగారి పులుసు ముందు తొందరపడి
గొంతులో ముల్లు ఇరికించుకున్నాను.
ఇల్లంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.
నిమ్మకాయంత ఒట్టి అన్నం ముద్ద చేసి
"నమలకు, మింగీ" అంది.
తలెత్తి నాతో అన్న మొదటి మాట అదే.

ఆనాటినుంచి నా కంచంలోకి చేప
ఆమె వేళ్లు దాటే వస్తుంది.
మాటలు మానేసిన వారాల్లోనూ వచ్చింది.
అద్దె కట్టలేకపోయిన ఏడాది వచ్చింది.
కడుపులో బిడ్డ నిలవని ఆ ఆగస్టులో కూడా
బల్బు వైపు ఎత్తి చూసి, నలిపి, వెతికి,
నా మొహం చూడకుండా
కంచం నావైపు తోసేది.

ఇప్పుడు చేతిలో ఫోర్కుతో
డ్యూటీ లేనినాడు డిపోకొచ్చిన మనిషిలా
ఏం చేయాలో తోచక కూచుంది.

బయట సూర్యుడు నీళ్లలోకి దిగుతున్నాడు.
"మీ ఊళ్లో డ్యూటీ ఎక్కేవాడు, ఇక్కడ దిగుతాడు" అన్నాను.
ఆమె వినలేదు.
ఫోర్కు పక్కన పెట్టింది.
నా పళ్లెం తనవైపు లాక్కుని
వేళ్లు పెట్టింది.

పక్కబల్ల ముత్యాలదండావిడ చూసింది.
చూడనీ.

బొటనవేలు, చూపుడువేలు,
ఆ మెత్తటి తెల్లటి పొరల్లో
చీకట్లో స్విచ్చు వెతికినట్టు కదిలి, కదిలి
ఆగాయి.

"ఉంది" అంది.

కనురెప్ప వెంట్రుకంత.
వెలుగుకి ఎత్తి పట్టుకుంటే కొస ఎర్రగా మెరిసింది.
హోటలు పరువుకి అది చాలు.
పిల్ల పరుగున వచ్చింది, వెనకాలే మేనేజరు,
క్షమాపణలు, డబ్బులక్కర్లేని ఐస్‌క్రీం.
వాళ్లెందుకు బాధపడుతున్నారో రత్నానికి అర్థం కాలేదు.
ముల్లుని గంజిపెట్టిన గుడ్డ మీద
పోయిన ముక్కుపుడక దొరికినట్టు జాగ్రత్తగా ఉంచి
పళ్లెం నావైపు తోసింది.
"ఇప్పుడు తిను."

తిన్నాను.
చల్లారిపోయింది, ఉప్పు తక్కువ,
ఆమె వేళ్ల జాడలు ముక్కంతా ఉన్నాయి.

ఐస్‌క్రీం వచ్చింది.
అలవాటుకొద్దీ దాన్ని కూడా
చెంచాతో ఓసారి కెలికి చూసి
నాకిచ్చింది.