ఉపయోగాలు అనే గడి

జిల్లా కార్యాలయం నుంచి ఫారం వచ్చింది:
పాటల క్లాసు వల్ల పిల్లలకు ఉపయోగాలు, క్లుప్తంగా.

పొయ్యిలో తడికట్టె చిటపటమంటోంది.
మెస్తియా దారి మంచులో మునిగింది.
ఇవాళ ఏడుగురే వచ్చారు.

బిమూర్జా సంగతి రాయనా?
నిరుడు వీడు ఎవరిమీదా చెయ్యి చేసుకోని రోజు లేదు.
అడుగు గొంతు వాడికిచ్చాను.
ఒక్కటే స్వరం, కదలకూడదు.
పై గొంతులు రెండూ కొండమేకల్లా ఎటెటో ఎక్కుతాయి,
కొమ్ములతో కుమ్ముకుంటాయి,
నువ్వు మాత్రం నేలలా ఉండాలిరా అన్నాను.
విసుగన్నాడు. మూడు వారాలు అదే మాట.

నాలుగో వారం ఊపిరందక ఆగిపోయాడు.
పైన నానూలీ గొంతు కాలుజారింది.
వాడు తల తిప్పి చూశాడు,
తను ఊరుకుంటే ఇంకొకరు పడిపోతారని
అప్పుడే తెలిసినట్టు.

నిన్న ఆ పిల్ల భిన్నాలు రాక ఏడుస్తుంటే
వెళ్లి పక్కన కూర్చున్నాడు.
వాడికీ రావు భిన్నాలు.
ఏమీ అనలేదు.
లేచిపోనూ లేదు.

గడి రెండు వేళ్ల వెడల్పు.
ఏదో రాశాను, కొట్టేశాను.
చివరికి
"ఊపిరితిత్తులకు మంచిది" అని రాసి
సంతకం పెట్టాను.